రాయగడ దాకా వచ్చి

కోరాపుట్,
ఆదివారం పొద్దున.

అక్కకి,

వరం నమస్కారాలు. నువ్వు, బావ, బుజ్జి, సూరి, అత్తయ్యగారు అందరూ కులాసాయేనా? చలికి బావ మోకాలి నొప్పి ఎక్కువైందా? బుజ్జి పరీక్షలు ఎలా రాసింది? లెక్కల దగ్గర దాన్ని కంగారు పెట్టకు, పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్తే చేసుకుంటుంది. నేను క్షేమం అని ఇక్కడ రాయడం అలవాటు. ఈసారి ఆ మాట ఇప్పుడే రాయను. మొత్తం చదివాక నీకే తెలుస్తుంది.

నీ కార్డు బుధవారం అందింది. ఎప్పుడూ ఇన్లాండు కవరులో చోటు చాలక అంచుల మీద కూడా అడ్డంగా రాసేదానివి. ఈసారి కార్డు మీద రెండే వరసలు. "సూర్రావు మావయ్య సెప్పేరు. రాయగడ దాకా వచ్చి ఇంటికి రాలేదట, మంచిదే." కింద పేరు కూడా లేదు. నువ్వు మాట్లాడేదీ రాసేదీ ఒక్కలాగే ఉంటుంది కాబట్టి ఆ రెండు వరసలూ నీ గొంతుతోనే వినిపించాయి. మూడు రోజులు కార్డు పుస్తకంలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి మీ పక్కింటివాళ్ళ నంబరు కూడా తిప్పాను, మోగకముందే పెట్టేశాను. వాళ్ళ హాల్లో నలుగురి ముందు నిలబడి నువ్వు "ఊఁ, ఊఁ" అనడం తప్ప ఏం మాట్లాడతావు? నేను మాత్రం ఏం చెప్తాను?

మావయ్య చెప్పింది నిజమే. నేను రాయగడ వచ్చాను. స్టేషన్లో ఆయన కనిపించారు, రమ్మన్నారు, నేను రాలేదు. అక్కడి నుంచి పార్వతీపురం గంటన్నర దూరం. ఆ వేళకి నువ్వు ఎసరు పెడుతూ ఉంటావని కూడా నాకు తెలుసు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మా స్కూలు ఆఫీసు కంప్యూటరు సంగతి మొదటి నుంచీ చెప్పాలి. అంతకన్నా ముందు నేను రాసిన ఉత్తరాల సంగతి చెప్పాలి.

సబిత గురించి నీకు రాశాను కదా. స్కూల్లో సైన్సు టీచరు, నా ఈడుదే, ఆదివారాలు ఇద్దరం కలిసి సంతకు వెళ్తాం, మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర తింటాం అని. నువ్వు సంబరపడి, ఉసిరికాయ పచ్చడి నాకో సీసా, ఆమెకో సీసా పెట్టి పంపించావు. రెండోదాని మూత మీద "సబితమ్మకి" అని కాయితం అంటించావు. అక్కా, సబిత అనే టీచరు ఉన్నమాట నిజం. ఈ అయిదు నెలల్లో ఆమె నాతో రెండుసార్లు మాట్లాడింది. ఒకసారి స్టాప్లరు అడిగింది, ఇంకోసారి టైమెంతయిందని అడిగింది. ఆమె తప్పేం లేదు. నాకు ఒడియా సరిగా రాదు, ఆమెకు తెలుగు రాదు, ఇద్దరికీ ఉన్న హిందీ ఇద్దరికీ చాలదు. సంతకు నేనొక్కదాన్నే వెళ్తాను. రెండు సీసాల పచ్చడీ నేనే తిన్నాను. ఆ కాయితం చింపడానికి చెయ్యి రాలేదు. మూత తడవకుండా సీసా కడిగి గూట్లో పెట్టాను.

నేను బయల్దేరిన రోజు బస్సు కిటికీ పట్టుకుని నువ్వు ఒక్క మాటే అన్నావు. "అక్కడ నీకెవులున్నారే అమ్మీ?" అన్నావు. టైపు ఇన్‌స్టిట్యూటు మూసేసి మిషన్లన్నీ తూకానికి అమ్మేశాక మన ఊళ్ళో నాకు పని లేదు. మీ రెండు గదుల్లో ఆరేళ్ళు ఉన్నాను. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. నువ్వు ఒక్కనాడు కూడా ముఖం చిట్లించలేదు. అయినా రావాలనిపించి వచ్చాను. వచ్చాక, ఇక్కడ నాకు ఎవరో ఒకరు ఉన్నారని నీకు రాయాలనిపించింది. అంతే.

బజారులో తెలుగు కొట్లు ఉన్నాయి. సరుకు కట్టేటప్పుడు రెండు మాటలు మాట్లాడతారు, వెనక జనం ఉంటే అదీ ఉండదు. నా గది ఇంటివాళ్ళ పెరట్లో ఉంది, పైన రేకు. తెల్లారి బకెట్లో చెయ్యి పెడితే వేళ్ళు నావి కాదన్నట్టు మొద్దుబారిపోతాయి. పొగమంచు తొమ్మిదింటి దాకా విడదు. కొబ్బరినూనె సీసాను నీళ్ళు కాగే గిన్నె పక్కన పెడితేగాని నూనె రాదు. సాయంత్రం గదికి వచ్చి బియ్యం ఏరుకుంటూ పైకే మాట్లాడుకుంటాను. ఇవాళ ఏం కూర చేద్దాం అని అడిగి, వంకాయే కదా ఉంది అని నేనే చెప్పుకుంటాను. ఒకరోజు ఇంటావిడ తలుపు దగ్గరికి వచ్చి లోపల ఎవరున్నారని తొంగి చూసింది.

ఇక కంప్యూటరు సంగతి.

పదో తరగతి పిల్లల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు కంప్యూటరులో ఎక్కించి ఫ్లాపీల్లో పెట్టి బోర్డు ఆఫీసుకి పంపాలి. పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా ఆ పిల్ల సర్టిఫికెట్టులో బతికినన్నాళ్ళూ అదే ఉంటుంది. అందుకని ఒక్కో పేరూ రెండుసార్లు చూసుకుంటాను. ఈ నెలంతా పదింటి నుంచి రెండింటి దాకా కరెంటు కోత. అందుకే హెడ్మాస్టరు గారు నన్ను ఏడింటికే రమ్మన్నారు, పదిలోగా పని సాగుతుందని. ఆఫీసులో పెద్ద గుమాస్తాని అందరూ బొడొబాబు అంటారు. ఆయన కూడా నాకోసం ఏడింటికి రావలసి వచ్చింది, తాళం ఆయన దగ్గరే కాబట్టి. ఆ కోపం ఆయనకు మొదటి రోజు నుంచీ ఉంది.

మొదట మిషన్ మధ్యలో ఆగిపోవడం మొదలైంది. టైపు చేస్తూ ఉంటే తెర నీలంగా మారిపోయేది, లేకపోతే దానంతట అదే ఆరిపోయి మళ్ళీ వెలిగేది. తరువాత ఒక పొద్దున మీట నొక్కితే అసలు లేవలేదు. లోపల ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోయింది. తెర నల్లగా ఉండిపోయింది. వైరు పీకి పెట్టాను. ప్లగ్గులో టేబులు దీపం పెట్టి చూస్తే బాగానే వెలిగింది. యూపీఎస్ తీసేసి నేరుగా గోడకే పెట్టి చూశాను. లేవలేదు. బొడొబాబు వెనక నిలబడి, "నిన్న ఏం నొక్కావు?" అని అడిగారు. నేను ఏమీ నొక్కలేదని చెప్పాను. ఏమీ నొక్కకుండా ఎందుకు పాడవుతుంది అన్నారు.

మెకానిక్ ఒకతను మధ్యాహ్నం కరెంటు వచ్చాక వచ్చాడు. మీట నొక్కాడు. లేచింది. అతను నవ్వి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున మళ్ళీ లేవలేదు. మళ్ళీ మధ్యాహ్నం అతను వచ్చాడు, మళ్ళీ లేచింది. ఈసారి పెట్టె విప్పి, లోపల మెమరీ ముక్కలు తీసి, వాటి అంచులు పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టి వెళ్ళాడు. మర్నాడు అదే కథ. వారం తిరిగేసరికి ఆఫీసులో అందరికీ ఒకటే అభిప్రాయం. పొద్దున్నే వచ్చి పని చెయ్యడం ఇష్టం లేక ఈ ఆంధ్రా అమ్మాయి నాటకం ఆడుతోందని. నాకు ఒడియా రాదనుకుని నా ముందే అన్నారు. మాట్లాడటం రాదు గానీ, ఆ మాత్రం అర్థం కాదా?

చివరికి హెడ్మాస్టరు గారు, మిషన్ కొన్న కొట్టు రాయగడలో ఉంది, అక్కడికే తీసుకెళ్ళి చూపించి అదే రోజు తీసుకురమ్మన్నారు. తెరా, కీబోర్డూ అక్కరలేదు, సీపీయూ పెట్టె ఒక్కటీ చాలు. స్కూలు ఆస్తి కాబట్టి ఎక్కడా వదిలిపెట్టి రావద్దని రిజిస్టరులో సంతకం చేయించారు. నా దుప్పట్లో చుట్టి, పొద్దున్న బండిలో కిటికీ పక్కన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఎదురు బల్ల మీద ఒక ముసలావిడ ఉంది. రామనగుడ వెళ్తోందట, కూతురి పురిటికి. కాసేపు చూసి చూసి అడిగింది.

"ఏటమ్మీ ఒళ్ళో అది? దేవుడి పెట్టా?"

తెలుగు వినగానే ఉలిక్కిపడ్డాను. "కంప్యూటరు మామ్మా," అన్నాను.

"దానికేటయింది, అలాగ సుట్టేవు?"

"పొద్దుటిపూట లేవడం లేదు."

"మా ముసిలోడూ అంతే," అంది ఆవిడ. "సలికాలం గదా, ఎవులు లెగుస్తారు."

నాకు నవ్వొచ్చింది. దారంతా సొరంగాలే. బండి సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా పెట్టెను రెండు చేతులా పట్టుకున్నాను. ముసలావిడ ఆ చీకట్లోనే తన మనవలు ఎంతమందో, ఎవరి రంగు ఎలా ఉంటుందో చెబుతూనే ఉంది. దిగేటప్పుడు నా గడ్డం పట్టుకుని, "సిన్నదానివి, ఒక్కర్తివీ తిరగకు," అంది. అయిదు నెలల్లో నన్ను ముట్టుకున్న మనిషి ఆవిడొక్కర్తే.

రాయగడలో ఎండ కాస్తోంది. స్వెట్టరు విప్పి భుజం మీద వేసుకోవలసి వచ్చింది. కొట్లో మెకానిక్ పేరు సింహాచలం. నలభై ఏళ్ళుంటాయి. నేను ఒక మాట మాట్లాడానో లేదో, తల ఎత్తి చూశాడు.

"కోరాపుట్ అన్నారు, మాట కోరాపుట్ మాట కాదే. ఏ ఊరమ్మా మీది?"

"పార్వతీపురం."

"అదీ. మాది బొబ్బిలి. కూకోండి, ముందు మంచినీల్లు తాగండి."

గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆయన అది గమనించి పెట్టె వైపు తిరిగిపోయాడు. వైర్లు తగిలించి మీట నొక్కాడు. మొదటిసారికే లేచింది. "ఏటమ్మా, బేగా లెగిసింది గదా. దీనికేటి రోగం?" అన్నాడు. ఆపాడు, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ లేచింది. విప్పి దుమ్మంతా ఊదాడు. సాయంత్రం దాకా నడిపించాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. పిల్లల పేర్లన్నీ రెండు జతల ఫ్లాపీల్లోకి ఎక్కించి ఇచ్చాడు, ఒకటి పాడైనా ఇంకోటి ఉంటుందని. అది మంచి పని చేశాడు. కానీ చీటీ మీద 'ఏ లోపమూ లేదు' అని రాసి ఇచ్చాడు. ఆ చీటీ పట్టుకుని బొడొబాబు ముందు ఎలా నిలబడాలి?

ఆయనకు జాలేసింది. "ఓ పని సెయ్యండి. దీన్ని ఇక్కడొగ్గీండి. రేపు పొద్దున్న మల్లీ సూస్తాను. మీరు పార్వతీపురం బండెక్కీసి ఇంటికెల్లి, రేపు రండి," అన్నాడు.

వదిలిపెట్టి రావద్దని సంతకం చేసి వచ్చానని చెప్పాను. పెట్టె చుట్టుకుని స్టేషనుకు వచ్చాను. అప్పుడే అక్కా, రెండు బండ్లూ ఒకేసారి నిలబడి ఉన్నాయి. ఒక పక్క కోరాపుట్ బండి, ఇంకో పక్క మన బండి. మన బండి తలుపు దగ్గర సూర్రావు మావయ్య, చేతిలో చింతపండు బుట్టతో.

"ఒలే వరమా, మన ఊరికేనా? పద, మా పెట్టెలో సోటుంది."

"లేదు మావయ్యా. కోరాపుట్ వెళ్ళిపోవాలి."

"ఇంత దూరం వచ్చి అక్కని సూడకండా ఎల్తావేటి? ఆ మూట కూడా ఎక్కించీ. రేపు పట్టుకెల్దువు గాని."

"పని ఉంది మావయ్యా."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "సిక్కిపోయేవు," అన్నారు. ఆ మాట నీకు చెప్పి ఉండరు. బండి కూత వేసింది. ఆయన ఎక్కేశారు. నేను సంతకం గురించి చెప్పలేదు, మిషన్ గురించి చెప్పలేదు. సంతకం నిజమే గానీ నేను రాకపోవడానికి కారణం అది కాదు. ఆ బండి ఎక్కి ఉంటే రాత్రి నీ పక్కన చాప మీద పడుకునేదాన్ని. పొద్దున లేచి మళ్ళీ కోరాపుట్ బండి ఎక్కేదాన్ని కాదు. అది నాకు గట్టిగా తెలుసు. అప్పుడు ఇక్కడ వాళ్ళు అన్నదంతా నిజమైపోయేది. పని ఎగ్గొట్టడానికి నాటకం ఆడింది, చివరికి పారిపోయింది అనేవాళ్ళు. ఇంకొకటి కూడా ఉంది. తలుపు తియ్యగానే నా ముఖం చూసి, సబిత లేదని నువ్వు ఆ క్షణమే కనిపెట్టేసి ఉండేదానివి.

మన బండి ముందు కదిలింది. చివరి పెట్టె మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా అటే చూశాను. తరువాత నా బండి ఎక్కి, సీపీయూని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తల ఆనించి ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకున్నారో తెలియదు. ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి అన్నీ తగిలించి మీట నొక్కాను. ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోయింది.

బొడొబాబు రాయగడ చీటీ రెండుసార్లు చదివారు. "అక్కడ మెకానిక్ నొక్కితే లేచింది. ఇక్కడ నువ్వు నొక్కితే లేవడం లేదు. ఇంక నేను ఏమనుకోవాలి?" అన్నారు. అరవలేదు. మామూలుగానే అన్నారు. అందుకే ఎక్కువ తగిలింది. నెలాఖరు దాకా చూసి వేరే మనిషిని పెట్టుకుంటామని హెడ్మాస్టరు గారితో చెబుతానన్నారు. ఆయన వెళ్ళిపోయాక నేను ఆ గదిలోనే కూర్చున్నాను. చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను, అంత చలి.

మా స్కూల్లో గంట కొట్టే అటెండరు బుద్ర. నందపూర్ దగ్గర పల్లె. అరవైకి దగ్గరగా ఉంటాడు. పొద్దున్నే వెనక వరండాలో పుల్లలు మండించుకుని, డబ్బాలో తెచ్చుకున్న రాగి అంబలి తాగుతాడు. వీళ్ళు దాన్ని మండియా పేజ్ అంటారు గానీ మన చోడంబలే. ఆ రోజు నన్ను తలుపులోంచి చూసి, మంటలోంచి నిప్పులు ఒక రేకు డబ్బాలో వేసి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. "జాడొ," అన్నాడు. చలి అని. నేను తల ఊపాను. తరువాత కంప్యూటరు వైపు చూపించి, "తాకు బి జాడొ," అన్నాడు. దానికీ చలే అని. హాస్యానికే అన్నాడు, నన్ను నవ్వించడానికి.

నేను నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. రైల్లో ముసలావిడ అన్న మాటా అదే. ఇద్దరికీ కంప్యూటరు అంటే ఏమిటో తెలియదు. కానీ ఆలోచించు అక్కా. పొద్దున లేవదు, మధ్యాహ్నం లేస్తుంది. ఇక్కడ లేవదు, స్వెట్టరు విప్పేసిన రాయగడలో రోజంతా లేస్తుంది. పెట్టె అదే, మీట అదే. మారింది నొక్కే వేలు కాదు.

ఆ రోజు తొమ్మిదింటికి టేబులు దీపంలో వంద వాట్ల బల్బు వేసి, సీపీయూ వెనక కరెంటు వైరు దూర్చే చోట, జాలీకి దగ్గరగా పెట్టాను. బల్బుకు తగలకుండా చూసుకుని నా శాలువా కప్పాను. అరగంట పక్కనే కూర్చుని కాపలా కాశాను. చేత్తో తాకితే రేకు గోరువెచ్చగా ఉంది. శాలువా తీసి మీట నొక్కాను. లేచింది.

ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్ళూ అనిపించుకున్న మాటల వల్ల ఒక్కసారి సరిపోదనిపించింది. మర్నాడు ముందు బల్బు లేకుండా నొక్కాను, లేవలేదు. బల్బు పెట్టి అరగంట తరువాత నొక్కాను, లేచింది. మూడో రోజూ అంతే. బూత్‌కు వెళ్ళి సింహాచలం గారికి ఫోను చేశాను.

"అదా సంగతి," అన్నాడు. "అయితే పవర్ సప్లై డబ్బాలో కండెన్సర్లు ఎండిపోయుంటాయి తల్లీ. సలికి మొరాయిస్తాయి, ఏడెక్కితే పని సేస్తాయి. మజ్జిలో ఆగిపోడం కూడా దాని వల్లే. మా రాయగడలో అంత సలెక్కడిది, నాకెలాగ దొరుకుద్ది? ఎలాగ కనిపెట్టేరు?"

"ఒక మామ్మ చెప్పింది," అన్నాను.

కొత్త డబ్బా కోరాపుట్ బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపించాడు. వచ్చి తనే బిగిస్తే రెండు రోజులు ఆలస్యమవుతుంది, మీరే పెట్టీండి, నాలుగు మరలు, అంతే, అని ఫోనులో ఒక్కో వైరూ ఎక్కడ పెట్టాలో చెప్పాడు. కొత్త డబ్బాను ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పవద్దన్నాడు. గోడ ప్లగ్గు తీసేశాకే చెయ్యి పెట్టమని మూడుసార్లు చెప్పాడు. ఫోనులో చెప్పిందంతా కాయితం మీద బొమ్మ గీసుకున్నాను.

శుక్రవారం ఏడింటికి హెడ్మాస్టరు గారు కూడా వచ్చారు. నేను వచ్చీరాని హిందీలో, ఇవాళ బల్బు పెట్టను, వేడి చెయ్యను, ఈ చలిలోనే నొక్కుతాను, చూడండి అని చెప్పాను. ప్లగ్గు తీశాను. మరలు విప్పాను. ఒక మర జారి పెట్టె అడుగున పడితే బొడొబాబే వంగి తీసి ఇచ్చారు. పాత డబ్బా బయటికి వచ్చింది. కొత్తది కూర్చోబెట్టి వైర్లు ఒక్కొక్కటే దూర్చాను. పెద్ద ప్లగ్గు ఒకటి క్లిప్పుతో టక్కుమని పట్టుకుంటుంది, ఆ చప్పుడు రాకపోతే పడనట్టే అని సింహాచలం గారు చెప్పారు. చప్పుడు వచ్చింది. మూత పెట్టకుండానే గోడ ప్లగ్గు పెట్టి మీట నొక్కాను.

ఫ్యాను కదిలింది. ఆగుతుందని చూశాను. ఆగలేదు. తిరుగుతూనే ఉంది. చిన్న కూత వేసి తెర వెలిగింది, అక్షరాలు పైకి పాకాయి.

నాకు ఒళ్ళు తెలియలేదు అక్కా. వెనక్కి తిరిగి, "అక్కా, లేచింది," అన్నాను. పైకే, గట్టిగా. సాయంత్రాలు గదిలో మాట్లాడుకునే అలవాటు అంత మంది ముందు బయటపడిపోయింది. నా వెనక నువ్వు లేవు కదా. హెడ్మాస్టరు గారు, బొడొబాబు, తలుపు దగ్గర బుద్ర నిలబడి ఉన్నారు. సబిత కూడా వచ్చింది చూడటానికి. అందరూ నా ముఖం చూస్తున్నారు. తల వంచుకున్నాను.

"ఏమంటోంది?" అని హెడ్మాస్టరు గారు అడిగారు.

ఎవరికీ తెలియలేదు. అప్పుడు బుద్ర చెప్పాడు. ఏటా సాలూరు సంతకు అల్లం మోసుకెళ్ళే మనిషట, తెలుగు మాట్లాడలేడు గానీ వింటే కొంచెం తెలుస్తుందట. ఇన్నాళ్ళూ నాకా సంగతి తెలియదు.

"తా నానీకు డాకుచి," అన్నాడు. వాళ్ళ అక్కను పిలుస్తోంది అని.

హెడ్మాస్టరు గారు కాసేపు నిలబడి, ఫ్లాపీలు సోమవారానికి అవుతాయా అని అడిగి వెళ్ళిపోయారు. బొడొబాబు ఆ విప్పిన మరలన్నీ ఏరి ఒక కాయితంలో పొట్లం కట్టి నా ముందు పెట్టారు. క్షమించమని అనలేదు. నేను కూడా దాని కోసం ఎదురుచూడలేదు. కూర్చుని పదింటి దాకా టైపు చేశాను. మిషన్ ఒక్కసారీ ఆగలేదు. నిన్న కూడా ఏడింటికి మొదటి నొక్కుకే లేచింది.

ఇదీ అక్కా జరిగింది. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ మళ్ళీ రాయకుండా ఉండకు. ఫ్లాపీలు వెళ్ళిపోయాక రెండు రోజులు సెలవు అడుగుదామని ఉంది. ఇస్తారో లేదో తెలియదు. ఇస్తే వస్తాను. వచ్చి మళ్ళీ వెళ్తానంటే నువ్వు కిటికీ పట్టుకుని ఏడవకూడదు, ఆ మాట ముందే ఇవ్వాలి. బావది పాత మఫ్లరు ఏదైనా ఉంటే ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళతో పంపించు. కుదిరితే ఇంగువ కలిపిన కందిపొడి కూడా. ఒక్క సీసా చాలు.

సూర్రావు మావయ్యకు నా నమస్కారాలు చెప్పు, ఆ రోజు సరిగా మాట్లాడనందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు. అత్తయ్యగారి పాదాలకు నమస్కారాలు. బావకు నమస్కారాలు, మోకాలికి వేడి ఆవనూనె రాయమని ఇక్కడి వాళ్ళు చెబుతారు, రాసి చూడమను. బుజ్జికీ సూరికీ ముద్దులు. అమ్మ లేని ఈ ఏళ్ళన్నీ నువ్వే ఆ చోట ఉన్నావు కాబట్టి నీ దీవెనే అడుగుతున్నాను. కోపంగా ఉన్నా సరే, దీవించు.

ఇక్కడ చలి తగ్గిందని రాద్దామనుకున్నాను, నువ్వు దిగులు పెట్టుకోకుండా. తగ్గలేదు అక్కా. ఉంటాను.

నీ చెల్లెలు,
వరం